ఒక్కరే వెళ్లేవారికి మాల్దీవుల్లో నిశ్శబ్దమైన రిసార్టు: ఎంచుకోవడం ఎలా?

నేను ఒక్కదాన్నే మాల్దీవులు వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అడిగేవాళ్లు రెండు రకాలు. "ఒక్కదానివే ఎందుకెళ్లావ్?" అనేవాళ్లు మొదటి రకం. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. "ఏ రిసార్టు బాగుంటుంది?" అనేవాళ్లు రెండో రకం. ఇదంతా వాళ్ల కోసం.

అసలు రిసార్టు పేరు అడగడంతోనే తప్పు మొదలవుతుంది. ఒకే దీవిలో, ఒకే ధర కట్టి, ఒకరు రోజంతా అలల చప్పుడు వింటూ పడుకుంటారు. ఇంకొకరిని పొద్దున ఆరింటికే సీప్లేన్ (నీళ్ల మీద దిగే విమానం) ఇంజిను లేపుతుంది. మొదటిసారి నేను ఆ రెండోవారిని. అందుకే రిసార్టు కంటే ముందు నెల, దారి, విల్లా ఉన్న చోటు చూసుకోవాలి. కింద ఉన్న వరుస కూడా అదే. దయచేసి ఈ క్రమాన్ని మార్చకండి. ధర చూసి మొదలుపెడితే మిగతావన్నీ రాజీ పడాల్సి వస్తుంది.

1. మీకు ఏ చప్పుడు పడదో ముందు రాసుకోండి

నిశ్శబ్దం అందరికీ ఒకటి కాదు. కొందరికి పిల్లల అరుపులు ఇబ్బంది, కొందరికి బారులో పాటలు. నాకైతే మోటారు చప్పుడు. పక్క టేబుల్ కొత్త జంట ముచ్చట్లు పట్టించుకోను.

కాగితం మీద మూడే మూడు రాయండి:

- అస్సలు భరించలేనిది ఒకటి
- ఉన్నా సర్దుకుపోగలిగేది ఒకటి
- లేకపోతే తోచనిది ఒకటి (చదువుకోవడానికి నీడా? ఈతకు పగడపు దిబ్బా? మంచి స్పానా?)

పిల్లల గోల పడదంటే పని సులువు. హురావల్హి, కొమాండూ లాంటి 'పెద్దలకు మాత్రమే' దీవులున్నాయి. మోటార్ల చప్పుడు పడదంటే మాత్రం నాలుగో అంచె దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి.

2. నెల, గాలి వైపు

మాల్దీవుల్లో ఏడాది రెండు గాలులుగా విడిపోతుంది. సుమారుగా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యం నుంచి వీస్తుంది. అక్కడివాళ్లు దీన్ని ఇరువై అంటారు. వాన తక్కువ, ధర ఎక్కువ. మే నుంచి నవంబరు దాకా నైరుతి గాలి, అదే హుళంగు. వానలు వస్తాయి, పోతాయి. ధరలు బాగా దిగుతాయి.

దీన్ని విల్లా ఎంపికకు వాడుకునేవాళ్లు చాలా తక్కువ. గాలి తగిలే వైపు అల రాత్రంతా కొడుతుంది, వరండాలో కూర్చుంటే పుస్తకంలో పేజీ నిలవదు. అదే రోజు దీవికి అవతలి వైపు నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి.

- జనవరి, ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే పడమటి వైపు విల్లా
- జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే తూర్పు వైపు విల్లా

ఇందులో ఒక లాభం కూడా ఉంది. సూర్యాస్తమయం కనిపించే పడమటి విల్లాలకు రిసార్టులు ఎక్కువ అడుగుతాయి. వానాకాలంలో వెళ్లేవారికి తూర్పు వైపే ప్రశాంతం, తూర్పు వైపే చవక. సూర్యాస్తమయం చూడాలనిపిస్తే పది నిమిషాలు నడిచి అవతలికి వెళ్తే సరి. ఉన్నది దీవే కదా.

క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా వద్దు. చాలాచోట్ల పండగ విందు బిల్లు తప్పనిసరి, మీరు గదిలో పడుకున్నా కట్టాల్సిందే. చైనా కొత్త సంవత్సరం, ఈస్టర్ వారాల్లోనూ రద్దీ ఉంటుంది.

మాంటా రే అనే పెద్ద రెక్కల చేపలను చూడాలనుకుంటే మాత్రం లెక్క మారుతుంది. బా అటాల్‌ (పగడపు దీవుల వలయం) లోని హనిఫారు బే దగ్గర అవి గుంపులుగా కనిపించేది జూన్–నవంబరు మధ్యే. బా అటాల్‌ను 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. హనిఫారు బేలో సిలిండరుతో డైవింగ్‌కు అనుమతి లేదు, స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటిపైన ఈదడం) మాత్రమే.

3. దారి: స్పీడ్‌బోటా, సీప్లేనా?

మాలే దగ్గరి వెలానా విమానాశ్రయంలో దిగాక దీవికి చేరడానికి మూడు దారులు.

స్పీడ్‌బోటు. గంట లోపు దూరాలకు. రాత్రి దిగినా తీసుకెళ్తారు. ఒక్కరే వెళ్లేవారికి ఇదే చవక.

సీప్లేన్. పైనుంచి చూస్తే నీలంలో పచ్చటి ఉంగరాలు పరిచినట్టుంటుంది, నిజమే. పైలట్లు చెప్పుల్లేకుండా నడపడం చూడటం కూడా సరదాగా ఉంటుంది. కానీ అది పగటిపూట మాత్రమే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే ఆ రాత్రి మాలేలోనో హుల్హుమాలేలోనో గది తీసుకోవాలి. సామాను పరిమితి సాధారణంగా 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. మీరెక్కాల్సిన సమయం ముందురోజు సాయంత్రం గానీ చెప్పరు. మధ్యలో ఇంకో రెండు రిసార్టుల దగ్గర ఆగొచ్చు కూడా.

దేశీయ విమానం, ఆపైన పడవ. దూరపు అటాళ్లకు. చీకటి పడ్డాక కూడా కొన్ని సర్వీసులు నడుస్తాయి. విమానాశ్రయానికి, రేవుకూ మధ్య ఎదురుచూపు ఎక్కువ.

హైదరాబాద్, విశాఖ, విజయవాడ వాళ్లు ఎక్కువగా బెంగళూరు, ముంబై లేదా కొచ్చిలో విమానం మారతారు. కాబట్టి మాలేలో దిగే సమయం చూశాకే దీవి సంగతి. టికెట్ ముందు కొని, తర్వాత సీప్లేన్ దీవి బుక్ చేసి, ఒక రాత్రి డబ్బు మాలేలో పోగొట్టుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

నాలుగు రాత్రుల ప్రయాణమైతే స్పీడ్‌బోటులో 30 నుంచి 50 నిమిషాల దూరం ఉన్న దీవి తీసుకోండి. అంతకంటే దగ్గరైతే విమానాల మోత, రాత్రి మాలే దీపాలు. అంతకంటే దూరమైతే నడుం నొప్పి. అలలున్న రోజు బోటు ఎగిరెగిరి పడుతుంది, వెనక సీట్లలో కూర్చోండి.

4. ఉపగ్రహ చిత్రంతో వడపోత

ఇక్కడ ఓ గంట పెట్టండి. రిసార్టు వెబ్‌సైట్‌లో ప్రతి దీవీ ఖాళీగానే కనిపిస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ చూపు పెట్టి, దీవి పేరు కొట్టి, దగ్గరగా వెళ్లండి. ఇంకో కిటికీలో రిసార్టు వాళ్ల సొంత మ్యాపు తెరవండి, అందులో విల్లా నంబర్లు ఉంటాయి. వెబ్‌సైట్‌లో లేకపోతే మెయిల్ పెడితే పంపుతారు.

వెతకాల్సినవి ఇవీ:

- రేవు, సీప్లేన్ ఆగే తెప్ప. ఉదయం నుంచి సాయంత్రం దాకా కదలిక ఇక్కడే. కనీసం 250 మీటర్లు దూరం పాటించండి.
- పొడవాటి బూడిద రంగు రేకులు. సిబ్బంది ఇళ్లు, జనరేటర్, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు. అక్కడ కరెంటు తీగ ఎక్కడినుంచీ రాదు, ఏ దీవి కరెంటు ఆ దీవే తయారు చేసుకోవాలి. ఆ హోరు రాత్రి కూడా ఆగదు.
- డైవింగ్ కేంద్రం. సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ చప్పుడు సైకిల్ షాపు పక్కన ఇల్లున్నవాళ్లకు తెలుస్తుంది.
- ఈతకొలను, బారు, పిల్లల ఆటస్థలం. చెప్పక్కర్లేదు.
- పక్క దీవి. మట్టి రంగు నీళ్లు, క్రేన్ల నీడలు కనిపిస్తే అక్కడ కొత్త రిసార్టు కడుతున్నారన్నమాట. నీళ్ల మీద చప్పుడు చాలా దూరం వస్తుంది.
- చెట్లు. ఇసుక పోసి కొత్తగా లేపిన దీవుల్లో కొబ్బరి మొక్కలు నాటినవే, నీడ పలచన. పాత సహజ దీవుల్లో విల్లాకు విల్లాకు మధ్య దట్టమైన పొద ఉంటుంది. పక్కవాళ్ల మాటల్ని ఆపేది అదే.

దీవి చిన్నదైతే నిశ్శబ్దంగా ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కురమతి దాదాపు 1.8 కిలోమీటర్ల పొడవు, 360 విల్లాలు. మిరిహి 350 మీటర్లే, 40 లోపు గదులు. కురమతిలో జనం ఎక్కువ, కానీ వాళ్లకు దూరంగా పోవడానికి చోటూ ఎక్కువే. మిరిహిలో జనం తక్కువ, కానీ మూడోరోజుకల్లా అందరూ మీకు ముఖపరిచయం అయిపోతారు, "ఒక్కరే వచ్చారా?" అని అడిగేస్తారు. మీకు ఏది ఇబ్బందో మొదటి అంచెలో రాసుకున్న కాగితం చూడండి.

ఇలా చూశాక రెండు మూడు దీవులు, ఒక్కో దీవిలో ఐదారు విల్లా నంబర్లు మిగులుతాయి. అవి రాసిపెట్టుకోండి.

5. ఇసుక మీది విల్లానా, నీటి మీది విల్లానా?

ఒక్కరే వెళ్తున్నవారు ఇసుక మీది విల్లా తీసుకోండి. నా మాట విని రెండు రాత్రులైనా.

నీటి మీది విల్లా ఫొటోకు అందం. ఉండేటప్పుడు సంగతులు వేరు: అరుగు మీద మధ్యాహ్నం నీడ ఉండదు, చెక్క వంతెన మీద ఎవరు నడిచినా బగ్గీ (చిన్న బ్యాటరీ బండి) వెళ్లినా దడదడ, కెరటాలు స్తంభాలకు తగిలి రాత్రంతా గుబుక్ గుబుక్. కొందరికి అది జోల, కొందరికి జాగారం. చివరి విల్లా అయితే భోజనానికి పావుగంట నడక.

ఇసుక మీద ఉంటే చెట్టు కింద ఉయ్యాల, ఇంటి వెనక పైకప్పులేని స్నానాల గది. తెల్లవారుజామున సిబ్బంది ఇసుకలో రాలిన ఆకులు ఊడుస్తారు. సరసర మనే ఆ చప్పుడు నాకు మా అమ్మమ్మ వాకిలి ఊడ్చినట్టే ఉండేది. మోటార్ల చప్పుడు పడదన్న నేను దానికి మాత్రం లేచి కూర్చుని వినేదాన్ని.

నీటి మీది విల్లాలో ఉండాలని బాగా కోరికుంటే ఒక్క రాత్రి, అదీ చివర్లో. గది మారేరోజు మధ్యలో రెండు మూడు గంటలు గది లేకుండా గడపాలని గుర్తుంచుకోండి.

6. ఒక్కరి లెక్క: చూసిన ధర, కట్టే ధర

మాల్దీవుల్లో గది ధర ఇద్దరికి. ఒక్కరు ఉన్నా సగం కాదు, తగ్గేది మహా అయితే ఒకరి తిండి ఖర్చు. అందుకే ఒక్కరికి వేరే ధర ఉందా అని అడగాలి. వానాకాలంలో కొన్ని రిసార్టులు ఇస్తాయి, అడిగితేనే.

ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు (++) ఉంటే 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద పర్యాటక జీఎస్టీ అదనం అని అర్థం. ఆ జీఎస్టీ 2025 జులై నుంచి 17 శాతం. రెండూ కలిస్తే 100 డాలర్లు 128.70 అవుతాయి. దీనికి తోడు మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ టాక్స్.

ఒక లెక్క వేసి చూద్దాం. రాత్రికి 400 డాలర్లు ++ అనుకోండి, నాలుగు రాత్రులు:

- గది: 1600, పన్నులతో 2059
- గ్రీన్ టాక్స్: 48
- రెండు పూటల భోజనం రోజుకు 90 ++ చొప్పున: 463
- సీప్లేన్ రానుపోను, పన్నులతో కలిపి 500 అనుకుంటే: 500

మొత్తం 3070 డాలర్లు. మీరు మొదట చూసింది 1600. సీప్లేన్ బదులు స్పీడ్‌బోటు అయితే రవాణా ఖర్చులో సగానికి పైగా మిగలొచ్చు. అది ఇంకో రాత్రికి సాయపడుతుంది.

'ఆల్ ఇన్‌క్లూజివ్' ప్యాకేజీలో ఎక్కువ భాగం మద్యం ఖర్చే. తాగనివారు అల్పాహారం, రాత్రి భోజనం ఉన్న ప్లాన్ తీసుకుని మధ్యాహ్నం ఏదో ఒకటి కొనుక్కోవడం మేలు. కార్డుతో కట్టేటప్పుడు మిషన్ "రూపాయల్లోనా, డాలర్లలోనా?" అని అడిగితే డాలర్లు నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు వేసుకున్నదే.

7. బుక్ చేసేముందు రిసార్టుకు మెయిల్

ఏజెంటు ద్వారా కొన్నా సరే, ఈ మెయిల్ నేరుగా రిసార్టుకు రాయండి. పొడుగాటి పలకరింపులు వద్దు, ప్రశ్నలకు నంబర్లు వేయండి. లేకపోతే ఒక్కదానికి జవాబిచ్చి వదిలేస్తారు.

1. ఈ తేదీల్లో దీవిలో గానీ పక్క దీవిలో గానీ కట్టడం, మరమ్మతు పనులు ఉన్నాయా?
2. పెళ్లిగానీ, కంపెనీ బృందంగానీ ఆ వారం బుక్ అయిందా?
3. ఫలానా నంబర్ల విల్లాల్లో ఒకటి ఇవ్వగలరా? (మీ జాబితా పెట్టండి)
4. ఒక్కరికి వేరే ధర ఉందా?
5. పడవ ప్రయాణాలు, స్నార్కెలింగ్ యాత్రలకు కనీసం ఇద్దరుండాలా? ఒక్కరైతే ఇంకో బృందంతో కలుపుతారా?
6. దీవిలో డాక్టరు ఉన్నారా?
7. రాత్రి ఎన్నింటిదాకా పాటలు ఉంటాయి?

ఐదో ప్రశ్న మర్చిపోవద్దు. "కనీసం ఇద్దరు" అనే నిబంధన చాలాచోట్ల ఉంది, ఒక్కరే వెళ్తే ఇద్దరి డబ్బూ అడుగుతారు.

జవాబు వచ్చే తీరు కూడా గమనించండి. మొదటి రెండు ప్రశ్నలకు "మా దీవి స్వర్గం" అన్న ధోరణిలో జవాబు వస్తే మళ్లీ అడగండి. రెండోసారీ సూటిగా చెప్పకపోతే నేనైతే ఆ దీవిని వదిలేస్తాను. విల్లా నంబరు హామీ ఇవ్వరు, "ప్రయత్నిస్తాం" అంటారు. అది మామూలే. ఆ మెయిల్ ఫోన్‌లో దాచుకోండి, చేరాక పనికొస్తుంది.

8. తిండి

శాకాహారులు ముందే రాయాలి. మాల్దీవుల వంటలో చేప లేని చోటు వెతకాలి. పొద్దున బఫేలో కొబ్బరి తురుము, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపిన గిన్నె కనిపిస్తుంది, పక్కనే రొట్టెలు. చూస్తే మన కొబ్బరి కూరలాగే ఉంటుంది. దాని పేరు మస్ హుని, అందులో ట్యూనా చేప కలిసి ఉంటుంది. గరిటె పెట్టేముందు అడగండి.

చాలా వంటశాలల్లో భారతీయ వంటవాళ్లు ఉంటారు. పప్పు, అన్నం అడిగితే ఆనందంగా చేసిపెడతారు. నేను పట్టుకెళ్లిన కారప్పొడి ప్యాకెట్ సగం వాళ్లకే ఇచ్చి వచ్చాను.

9. ఒంటరిగా నీళ్లలోకి: కచ్చితమైన నియమాలు

మిగతా విషయాల్లో మీ ఇష్టం. ఇక్కడ మాత్రం కాదు.

- స్నార్కెలింగ్ ఒక్కరే చేయకండి. దీవి గైడుతో వెళ్లండి, లేదా ఇంకొకరిని తోడు తీసుకోండి.
- మొదటిరోజే డైవింగ్ కేంద్రానికి వెళ్లి "ఈ రోజు ప్రవాహం ఎటు?" అని అడగండి. పగడపు దిబ్బ అంచు దాటాక సముద్రం ఒక్కసారిగా లోతు. ప్రవాహం ఈదేవాళ్ల మాట వినదు.
- ఈత బాగా వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి.
- సిలిండరుతో డైవింగ్ చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల ఎడం ఉండాలి, 24 అయితే ఇంకా మంచిది. సీప్లేన్‌కీ ఇదే వర్తిస్తుంది.
- ఇంట్లో ఒకరికి విల్లా నంబరు, రిసార్టు ఫోను నంబరు ఇవ్వండి. రోజూ ఒక వేళకు మెసేజ్ పెట్టండి.

ప్రయాణ బీమాలో స్నార్కెలింగ్, పడవలో తరలింపు ఉన్నాయో లేదో చదివి చూడండి. రాత్రిపూట సీప్లేన్ రాదు కాబట్టి ఆసుపత్రికి పడవే దిక్కు.

10. పత్రాలు, సామాను

- భారతీయులకు ముందుగా వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, బుకింగ్ కాగితం ఉంచుకోండి.
- ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే ప్రభుత్వ పోర్టల్‌లో ప్రయాణికుల వివరాలు నింపాలి. ఉచితం. డబ్బు అడిగిన సైటు నకిలీదని అర్థం. తిరిగి వచ్చేటప్పుడు కూడా నింపాలి.
- మద్యం తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో కొన్న సీసా అయినా. అది రిసార్టుల్లో దొరుకుతుంది.
- పూజించే విగ్రహాలకు అనుమతి లేదు. బ్యాగులో మర్చిపోయిన చిన్న వినాయకుడు, వెంకన్న బొమ్మ ఉన్నాయేమో ఇంట్లోనే చూసుకోండి.
- ఒళ్లు కప్పే ఈత చొక్కా. భూమధ్యరేఖ దగ్గరి ఎండ, వీపు గంటలో మాడుతుంది.
- దోమల క్రీము, టార్చి, మీ మందులు. దీవి దుకాణంలో అన్నీ దొరకవు, దొరికినవాటి ధర చూసి గుండె గుభేలుమంటుంది.

11. చేరాక మొదటి గంట

సామాను విప్పకండి. ముందు వరండాలో పది నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. తర్వాత స్నానాల గదిలో, ఆ తర్వాత మంచం మీద. జనరేటర్ హోరు, ఏసీ బయటి యంత్రం చప్పుడు అప్పుడే తెలుస్తాయి. పనికిరాదనిపిస్తే వెంటనే రిసెప్షన్‌కు వెళ్లి, దాచుకున్న మెయిల్ చూపించి మార్చమనండి. సామాను సర్దాక, ఒక రాత్రి గడిచాక అడిగితే అవకాశం బాగా తగ్గుతుంది. నా మొదటి ప్రయాణంలో మొహమాటానికి పోయి రెండు రోజులు సీప్లేన్ల రాకపోకలు లెక్కపెట్టుకున్నాను. మూడోరోజు అడిగితే, నవ్వుతూ ఐదు నిమిషాల్లో తాళం మార్చి ఇచ్చారు.

కొన్ని రిసార్టులు గడియారం మాలే కంటే గంట ముందుకు తిప్పుకుంటాయి. మాలే సమయం మనకంటే అరగంట వెనక. అంటే దీవిలో మనకంటే అరగంట ముందు. తిరుగు పడవ చెప్పిన వేళ దీవిదా, మాలేదా అని అడగండి. ఈ ఒక్క గంట దగ్గర విమానాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

మంచం మీద గులాబీ రేకులతో గుండె ఆకారం వేసి ఉండొచ్చు, రెండు హంసల్లా మడిచిన తువ్వాళ్లూ ఉండొచ్చు. భోజనాల దగ్గర రెండో కుర్చీ చూపించి "సార్ ఎప్పుడొస్తారు?" అనీ అడుగుతారు. కొత్త జంటలకు అలవాటుపడ్డ చోటు మరి. మొదటి పూటే "నేనొక్కదాన్నే, అంచున ఉన్న టేబుల్ రోజూ నాకే ఉంచండి" అని చెప్పేస్తే మళ్లీ ఎవరూ అడగరు. రెండో కుర్చీ తీసేయనివ్వకండి, సంచీ పెట్టుకోవచ్చు.

వచ్చేముందు రాత్రే బిల్లు తెప్పించుకుని చదవండి. పొద్దున రేవు దగ్గర క్యూలో నిలబడి చూస్తే మీరు తాగని కొబ్బరి బోండాలు కూడా కట్టేసి వస్తారు.